అద్దె ఫ్లాట్‌లో ప్రొజెక్టర్‌కి వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ కిట్టా, కేబులా?

హెచ్‌ఎస్‌ఆర్_అద్దె
బెంగళూరు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్. హాల్లో సీలింగ్‌కి ప్రొజెక్టర్. సెట్‌టాప్ బాక్సు, లాప్‌టాప్, సౌండ్‌బార్ మూడూ ఎదురుగా తెర కింద. నేరుగా 5 మీటర్లు, గోడ వెంట తిప్పితే 11. మేకు కొట్టొద్దని ఓనర్ ముందే చెప్పారు. కిట్ (బాక్సు దగ్గర ట్రాన్స్‌మిటర్, ప్రొజెక్టర్ దగ్గర రిసీవర్) కొనాలా, కేబుల్ లాగాలా?

తీగలాగితే
కేబులే, ఆలోచించక్కర్లేదు. 1080పీ, సెకనుకు 60 ఫ్రేములు, 24 బిట్ల రంగు అంటే బొమ్మ ఒక్కదానికే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు. మామూలు 5 గిగాహెర్ట్జ్ కిట్ అంత పంపలేదు. హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలో కుదించి, కొన్ని పదుల మెగాబిట్లకి దించి పంపుతుంది. చీకటి సీన్లలో చారలు కనబడేది అందుకే. కుదించడానికీ విప్పడానికీ టైం పడుతుంది కాబట్టి బొమ్మ వెనకబడుతుంది, లిప్ సింక్ పోతుంది. 11 మీటర్లకి మామూలు రాగి హెచ్‌డీఎంఐ నమ్మలేం, 5 మీటర్లు దాటితే 4కేకి మొరాయిస్తుంది. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ (సిగ్నల్‌ని కాంతిగా పంపే కేబుల్) 15 మీటర్లది ఎస్‌పీ రోడ్డులో దొరుకుతుంది, మంచి కిట్ కన్నా తక్కువకే. దానికి దిక్కు ఉంటుంది. ‘సోర్స్’ అని రాసిన కొన బాక్సుకి, ‘డిస్‌ప్లే’ అన్నది ప్రొజెక్టర్‌కి. తిప్పి పెడితే బొమ్మే రాదు.

ప్లగ్గుపిన్ను
స్ట్రీమింగ్ స్టిక్ ప్రొజెక్టర్‌కే గుచ్చేస్తే పోలా?

హెచ్‌ఎస్‌ఆర్_అద్దె
ఓటీటీకి సరిపోతుందండీ. మా నాన్నగారికి సెట్‌టాప్ బాక్సులో తెలుగు చానెళ్లు కావాలి, నాకు లాప్‌టాప్.

గోడచాటు
కిట్ వాడేవాళ్లని కూడా ఒకసారి అడగండి. ఒకే హాలు, ఎదురుబొదురు, 5 మీటర్లు. కిట్‌కి ఇంతకన్నా సుఖమైన చోటు ఉండదు. కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలన్నీ ఇనుప చువ్వల కాంక్రీటే, పక్క గదికి పంపాలంటే నేనూ వద్దనేవాణ్ణి. మీకు అడ్డుగోడే లేదు.

కిట్‌ని చెడగొట్టేవి వేరే ఉన్నాయి. మొదటిది కరెంటు. హెచ్‌డీఎంఐ పోర్టు ఇచ్చే 5 వోల్టుల లైను చాలా బలహీనం, 55 మిల్లీయాంపులకే హామీ. అందుకే రెండు ముక్కలకీ యూఎస్‌బీ వైరు ఇస్తారు. దాన్ని ప్రొజెక్టర్ యూఎస్‌బీకి గుచ్చితే అది 500 మిల్లీయాంపుల దగ్గర ఆగుతుంది, రిసీవర్ పది నిమిషాలకోసారి రీస్టార్ట్ అవుతుంది. జనం దాన్ని సిగ్నల్ లోపం అనుకుంటారు. 5 వోల్టుల 2 యాంపుల అడాప్టర్ విడిగా పెట్టండి. రెండోది రౌటర్. అదీ కిట్టూ ఒకే చానెల్ మీద కొట్టుకుంటే బొమ్మ గడులు గడులుగా విరుగుతుంది. రౌటర్ని 36-48 చానెళ్ల మధ్య బిగించేసి, 149 నుంచి పైన కిట్‌కి వదిలేయండి. మూడోది, ట్రాన్స్‌మిటర్ని బాక్సు వెనక ఇనుప ర్యాకులో దాచొద్దు. చిన్న ఎక్స్‌టెన్షన్ వేసి బయటికి తీయండి.

తీగలాగితే
అడాప్టర్లు రెండు, ఎక్స్‌టెన్షన్ ఒకటి, రౌటర్ సెట్టింగు. వైరు లేకుండా చేయడానికి ఎన్ని వైర్లండీ! లిప్ సింక్ సంగతి మాత్రం దాటేశారు.

గోడచాటు
దాటేయలేదు. బొమ్మా మాటా ఒకే స్ట్రీములో వెళ్తాయి, ఆలస్యమైతే రెండూ కలిసే ఆలస్యమవుతాయి. ప్రొజెక్టర్ స్పీకర్లో వింటే తేడానే రాదు.

తీగలాగితే
ప్రొజెక్టర్ స్పీకర్లో సినిమా ఎవరు చూస్తారు? ఆయనకి సౌండ్‌బార్ ఉందని మొదటి పోస్టులోనే రాశారు. చదివారా?

గోడచాటు
చదివాను. బార్ బాక్సు పక్కనే ఉంది కాబట్టే పని సులువు. బాక్సు ఆప్టికల్ ఆడియో అవుట్‌పుట్ నుంచి నేరుగా బార్‌కి ఇస్తే మాట ముందొస్తుంది, బొమ్మ వెనకొస్తుంది. బార్‌లో ‘ఆడియో డిలే’ పెంచుతూ పోతే రెండూ కలుస్తాయి. మాటని ఆపగలం కానీ ముందుకు లాగలేం. ప్రొజెక్టర్ నుంచి బ్లూటూత్‌లో బార్‌కి పంపితేనే తంటా. బ్లూటూత్ తనవంతు 100-200 మిల్లీసెకన్లు కలుపుతుంది, మాట వెనకబడుతుంది, అప్పుడు డిలే బటన్ ఎందుకూ పనికిరాదు.

ఆంటెన్నా
వాదన ఎందుకు, కొలవండి. లాప్‌టాప్‌లో మిల్లీసెకన్ల స్టాప్‌వాచ్ తెరిచి, డిస్‌ప్లే ‘డూప్లికేట్’లో పెట్టి, రెండు తెరలూ కలిపి ఫోన్‌తో ఫొటో తీయండి. అంకెల తేడాయే ఆలస్యం. అందులో ప్రొజెక్టర్ సొంత వాటా కూడా ఉంటుంది, ముందు కేబుల్‌తో ఒక ఫొటో తీసి, అందులో వచ్చిన తేడాని దీంట్లోంచి తీసేయండి. క్రికెట్‌కి 100 మిల్లీసెకన్లు లెక్కే కాదు. యాప్‌లో చూస్తే పక్కింటివాళ్ల కేకలు ఎలాగూ ముందే వినబడతాయి. మౌసు, గేములకి మాత్రం తెలిసిపోతుంది.

ఇంకోటి, కిట్ పెట్టె మీద హెచ్‌డీసీపీ (కాపీ కొట్టకుండా వేసే తాళం) ఉందో లేదో చూడండి. లేకపోతే ఓటీటీ తెరవగానే తెర నల్లబడుతుంది. ‘4కే’ అని రాసినవాటిలో చాలావరకు 4కే తీసుకుని 1080పీ ఇచ్చేవే, లేదా 30 ఫ్రేములవి.

తీగలాగితే
చూశారా, ఇన్ని షరతులు. కేబుల్‌కి ఒక్క షరతూ లేదు. సీలింగ్ అంచున అంటించే క్లిప్పులు, 11 మీటర్లు, అరపూట పని.

గోడచాటు
ఆ క్లిప్పులు పీకేటప్పుడు పుట్టీతో సహా ఊడొస్తుంది గురూగారూ. ఆ మచ్చలకి అడ్వాన్సులో ఎవరిది కోస్తారు?

తీగలాగితే
ఈ ఊళ్లో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల అద్దె ఎలాగూ పట్టుకుంటారు. ఇచ్చే డబ్బుకి నాలుగు మచ్చలు పడితే ఏం?

గోడచాటు
ఇది సొంతిల్లు ఉన్నవాళ్ల మాట. ఇల్లు కట్టేటప్పుడే పైపు వేయించుకుని, అద్దెవాళ్లకి ‘తీగ లాగు’ అని చెప్పడం తేలిక. నెల అద్దె పోయాక, పైన మరమ్మతు అని ఇంకో బిల్లు రాసే ఓనర్లు లేరా? కిట్ అయితే డబ్బాలో పెట్టుకుని ఇంకో ఇంటికి పోవచ్చు.

తీగలాగితే
సొంతిల్లే, ఒక ఫ్లాట్ అద్దెకి కూడా ఇచ్చాను. అందుకే అడుగుతున్నా. క్లిప్పుకి భయపడే మనిషి సీలింగ్‌లో ప్రొజెక్టర్‌కి ఫాస్టెనర్లు ఎలా కొట్టించాడు? గోడ పాడుచేసేది కేబుల్ కాదు, చెప్పకుండా డ్రిల్లు పట్టే అద్దెవాళ్లు.

గోడచాటు
అద్దీ! ఇంతసేపూ హెచ్.264 గురించి కాదన్నమాట గొడవ.

హెచ్‌ఎస్‌ఆర్_అద్దె
అయ్యా, ఆ మౌంటు నేను కొట్టలేదు. పాత అద్దెదారు బిగించి వదిలేశాడు, పక్కనే కరెంటు పాయింటు కూడా ఉంది. దాని పైపు తెర గోడ దాకా దిగుతుంది. 20 ఎంఎం, మలుపులు రెండు.

తీగలాగితే
ముందే చెప్పొద్దా! ఆ పైపులోంచే ఆప్టికల్ కేబుల్ దించేయండి. క్లిప్పే అక్కర్లేదు.

ఆంటెన్నా
వద్దు. కరెంటు వైర్లున్న పైపులో సిగ్నల్ వైరు వేయకూడదు. ‘ఆప్టికల్’ అన్నా లోపల సన్నటి రాగి తీగలూ ఉంటాయి. ఇన్సులేషన్ గీసుకుంటే 230 వోల్టులు ప్రొజెక్టర్‌లోకే. పైగా హెచ్‌డీఎంఐ తల రెండు మలుపులున్న 20 ఎంఎం పైపులో దూరదు. విడిపోయే తల ఉన్నవి దొరుకుతాయి కానీ, మొదటి కారణానికే ఇది మానేయాలి.

హెచ్‌ఎస్‌ఆర్_అద్దె
సరే, పైపు వద్దు. హెచ్‌డీసీపీ రాసి ఉన్న 1080పీ కిట్టే తెప్పిస్తాను. రెండు అడాప్టర్లు పెడతాను, బాక్సు నుంచి బార్‌కి ఆప్టికల్ వైరు.

తీగలాగితే
రిటర్న్ గడువు ఎన్నాళ్లో చూసుకుని కొనండి. ఆ స్టాప్‌వాచ్ ఫొటో ఇక్కడ పెట్టండి.

గోడచాటు
కేబుల్‌తో తీసింది కూడా పెట్టండి. లేకపోతే ప్రొజెక్టర్ ఆలస్యం కూడా కిట్ ఖాతాలోనే రాస్తారు ఈయన.