ప్రభుత్వ ఆసుపత్రి భోజనంలోకి మా ప్రకృతి వ్యవసాయ కూరగాయలు ఇవ్వాలంటే ఏ తలుపు తట్టాలి?

కొల్లిపర లంక రైతు:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లా కొల్లిపర మండలం. కృష్ణ ఒడ్డున ఎకరంన్నర లంక పొలం. కొంత అరటి, కొంత కంద, మిగిలినదంతా ఆకుకూరలు, దొండ, బెండ, ఆనప. మా డ్వాక్రా సంఘంలో 8 మంది ప్రకృతి వ్యవసాయంలో ఉన్నాం. ఆవు పేడ, మూత్రం, వేపాకు లాంటివాటితో చేసే ఘనజీవామృతం, ద్రవజీవామృతం, నీమాస్త్రం మేమే కలుపుకుంటాం. పురుగుమందు డబ్బా మా గట్టు దాటి లోపలికి రాదు.

పండించడం మాకు తెలుసు. అమ్మడమే తలనొప్పి. విజయవాడ అపార్టుమెంట్లవారు కార్తీకంలో ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు, వేసవి సెలవుల్లో ఒక్కరూ పలకరు. తెనాలి మార్కెట్‌కు పట్టుకెళితే మందు కొట్టిన తోటకూర, మా తోటకూర ఒకే కుప్పలో పడతాయి, ఒకే ధర పలుకుతాయి.

ఈ మధ్య మా తోడికోడలు కాన్పుకు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చేరింది. వార్డులో గోడ నిండా బోర్డు: ఆకుకూరలు తినండి, రక్తహీనతను తరిమికొట్టండి. ఆ బోర్డు కింద కూర్చుని ఆమె తిన్నది నీళ్లచారు, వడిలిన దొండకాయల కూర. బోర్డు రాయించినవారే కూర కూడా చూడవచ్చు కదా అనిపించింది.

సూపరింటెండెంట్ గారిని కలిశాను. మర్యాదగా కూర్చోబెట్టి, ‘భోజనం కాంట్రాక్టరుది, ఆయన్ను అడగండమ్మా’ అన్నారు. కాంట్రాక్టరు గారేమో బజారు ధరకంటే తక్కువకు ఇస్తే చూద్దామన్నారు. మంచి కూర పండించినందుకు తక్కువ ధర ఎందుకు తీసుకోవాలో ఆయన చెప్పలేదు.

తిరుమల ప్రసాదాలకు ప్రకృతి వ్యవసాయంలో పండిన శనగలు తీసుకున్నారు. దేవుడికి పనికివచ్చిన పంట బాలింతకు పనికిరాదా? ఈ దారిలో నడిచినవారు ఉంటే చెప్పండి. పథకాల పేర్లు వద్దు, అవి మా పంచాయతీ గోడ మీద చాలా ఉన్నాయి.

డైట్ సెక్షన్ విశ్రాంత ఉద్యోగి, అరండల్‌పేట:

అమ్మా, నేను ఆసుపత్రి డైట్ సెక్షన్‌లో లెక్కలు రాసి రిటైరైనవాడిని. కాస్త పొడవుగా చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు కాంట్రాక్టరు లెక్క అర్థం చేసుకోండి. రోగికి రోజుకు ఇంత అని ఒక రేటు ఉంటుంది. బియ్యం, పప్పు, పాలు, గుడ్డు, గ్యాసు, వంటమనిషి జీతం, ఆయన లాభం అన్నీ అందులోనే. గుడ్డు ఎగ్గొడితే రోగి వెంటనే అడుగుతాడు. పాలు పలచబడితే బాలింత తల్లి వార్డు అదిరేలా గొడవ చేస్తుంది. కూరలో కాయ తగ్గి నీళ్లు పెరిగితే మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయరు. ఆయన మిగుల్చుకునేది ఆ కూరలోనే. మీరు వెళ్లి సరిగ్గా అక్కడే ఎక్కువ పెట్టమని అడిగారు. నవ్వక ఏం చేస్తాడు!

సూపరింటెండెంట్ గారు తప్పించుకున్నారని కూడా అనుకోవద్దు. టెండరు ఖరారైతే ఆయన చేతిలో ఏమీ ఉండదు. షరతులు రాసే రోజుల్లో మాత్రం చాలా ఉంటుంది. అది కాక ఆసుపత్రి అభివృద్ధి సంఘం అని ఒకటి ఉంటుంది, ప్రజాప్రతినిధులు కూర్చుంటారు. మీ అర్జీ దానికి ఇవ్వండి. ఆసుపత్రి మొత్తానికి కూరగాయలు ఇస్తామని అడిగితే ఎవరూ ఒప్పుకోరు. బాలింతల వార్డుకు మాత్రమే, ఆకుకూర మాత్రమే, వారానికి రెండు రోజులు అని అడగండి. పప్పు కాంట్రాక్టరుదే, అందులో పడే తోటకూర మీది.

ఇక మీవైపు సంగతి. పడకల సంఖ్య రోజూ మారుతుంది, ఇండెంటు (ఏ సరుకు ఎంత కావాలో రాసే చీటీ) కూడా మారుతుంది. 2024 సెప్టెంబరు వరదలో లంక పొలాలు ఏమయ్యాయో మీకు నేను చెప్పనక్కరలేదు. అలాంటి వారంలో కూడా వార్డులో పప్పు ఉడకాలి. చేబ్రోలు వైపు మెట్ట గ్రామాల్లో మీలాంటి సంఘం ఒకటి చూసి జత కట్టండి. మీకు నీళ్లు ఎక్కువైనప్పుడు వాళ్లు పంపాలి, వాళ్లకు ఎండినప్పుడు మీరు పంపాలి.

కాగితాలు: సంఘం పేరున బ్యాంకు ఖాతా, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ (ఏడాదికి 100 రూపాయలు), పీజీఎస్ (సేంద్రియ పంట అని రైతుల బృందమే తేల్చే పద్ధతి) ధ్రువపత్రం. పీజీఎస్ బృందానికి కనీసం ఐదుగురు రైతులుంటే చాలు, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. మందులు మానేశాక సేంద్రియమని గుర్తించేదాకా ఆగే మార్పిడి కాలం ఏటా వేసే పంటలకు రెండేళ్లు. చిన్న రైతు వినియోగదారుకు నేరుగా అమ్మితే ధ్రువపత్రం లేకపోయినా నడుస్తుంది. ఆసుపత్రి, కాంట్రాక్టరు మధ్యలో ఉన్నప్పుడు ఆ మినహాయింపును నమ్ముకోవద్దు.

అన్నిటికంటే పెద్దది బిల్లు. కాంట్రాక్టరు బలం ధరలో లేదు తల్లీ, నెలల తరబడి బిల్లు కోసం ఆగగలగడంలో ఉంది. మీరు 8 మంది ఎన్నాళ్లు ఆగగలరో ముందు మీలో మీరు తేల్చుకోండి.

ప్రసూతి వైద్యురాలు, విజయవాడ:

ఆలోచన మంచిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. బాలింత పళ్లెంలో ఆకుకూర ఎక్కువ పడితే నాకంటే సంతోషించేవారు ఉండరు.

అయితే మీ సంచి మీద ‘రక్తహీనతకు మందు’ అని మాత్రం రాయకండి. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువున్న గర్భిణికి వెంటనే చికిత్స కావాలి, తోటకూరతో సరిపెట్టకూడదు. ఐరన్ మాత్ర మానకూడదు. ఆకుకూరలో ఐరన్ ఒంటపట్టాలంటే నిమ్మరసం పిండుకోవాలి, భోజనం కాగానే టీ తాగకూడదు. కిడ్నీ జబ్బువారు, రక్తం గడ్డకట్టకుండా మందు వాడేవారు డాక్టరును అడిగే ఆకుకూరలు పెంచాలి. ఇంకో మాట: సేంద్రియ ఆహారంలో పురుగుమందుల అవశేషాలు తక్కువని చెప్పడానికి ఆధారాలున్నాయి. పోషకాలు కూడా ఎక్కువని చెప్పడానికి అంత గట్టి ఆధారాలు లేవు. 2012లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి తేల్చినదీ ఇదే.

ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు జరుగుతాయి. అనుమతి తీసుకుని ఆ రోజు గేటు దగ్గర ఒక బల్ల వేసుకోండి.

కొల్లిపర లంక రైతు:

డాక్టరమ్మ గారూ, మాత్రలు మానమని మా సంఘంలో ఎవరూ ఎప్పుడూ అనలేదు. మాకూ ఆడపిల్లలున్నారు. నిమ్మకాయ మాట బాగుంది, కట్టతో పాటు ఒక కాయ పెడతాం. పోషకాల సంగతి మీరే చెప్పారు కాబట్టి మందు కొట్టలేదన్న ఒక్క మాటే రాసుకుంటాం, అది నిజం కనుక.

బాబాయి గారూ, బిల్లు కోసం మేము ఒక నెల ఆగగలం. ఆపైన ఆగాలంటే సంఘం పొదుపు తీయాలి.

అంగన్‌వాడీ కార్యకర్త, ఉండవల్లి:

అక్కా, 9వ తేదీ బల్ల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు. ఆ రోజు వచ్చే గర్భిణుల చేతిలో ఆటో డబ్బులు తప్ప ఉండవు, స్కానింగ్ దగ్గర నిలబడి నీరసపడి ఎప్పుడు ఇల్లు చేరతామా అని చూస్తారు. కూరగాయల సంచి మోసుకుని వెళ్లరు. కొనేది నర్సమ్మలు, ల్యాబువాళ్లు. నెల జీతం వస్తుంది, డ్యూటీ దిగి బజారుకు వెళ్లే ఓపిక ఉండదు. వాళ్లకు వారం వారం సంచి ఇవ్వు. వాళ్ల ఇంట్లో రుచి తెలిస్తే వార్డు కోసం వాళ్లే మాట్లాడతారు.

ప్రజారోగ్య విద్యార్థి, మంగళగిరి:

బ్రెజిల్‌లో బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతంతో చిన్న రైతుల నుంచే కొనాలని 2009లో చట్టం చేశారు, 2026 నుంచి ఆ వాటాను 45 శాతానికి పెంచారు. సేంద్రియ పంటకు 30 శాతం వరకు ఎక్కువ ధర ఇవ్వవచ్చు. ఇక్కడా అలాంటిది వస్తే ఈ అర్జీల గోలే ఉండదు.

డైట్ సెక్షన్ విశ్రాంత ఉద్యోగి, అరండల్‌పేట:

చట్టం వచ్చేనాటికి ఈ అమ్మ తోటకూర ముదిరిపోతుంది బాబూ. మనకు టెండరులో ఒక్క వాక్యం చాలు: ‘బాలింతల వార్డుకు వారానికి రెండు రోజులు ఆకుకూరలను పీజీఎస్ ధ్రువపత్రమున్న స్థానిక సంఘాల నుంచి కొనాలి, పదిహేను రోజులకొకసారి కాంట్రాక్టరు వారికి చెల్లించాలి.’ ఆ చివరి ముక్క మరిచిపోవద్దమ్మా. అది ఉంటే ఖజానా కోసం ఆగేది ఆయన, మీరు కాదు.

అంగన్‌వాడీ అమ్మాయి చెప్పినట్టు నర్సుల సంచులు ఈ నెలే మొదలుపెట్టండి. ఇప్పుడున్న కాంట్రాక్టు గడువు ఎప్పటితో ముగుస్తుందో, కొత్త షరతులు ఎవరు రాస్తారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు రాగానే ఇక్కడ పెట్టండి, అర్జీ నేను రాసి ఇస్తాను.