పదడుగుల గదికి ఏ మానిటర్లు తీసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇంట్లో ఒక గదిని రికార్డింగ్ కోసం పెట్టుకున్నాను. వెడల్పు 10 అడుగులు, పొడవు 12 అడుగులు. కండెన్సర్ మైకు, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కి కలిపే పెట్టె), కీబోర్డు, అకూస్టిక్ గిటార్ ఉన్నాయి. ఎక్కువగా పాడతాను. బేస్, డ్రమ్స్, ప్యాడ్స్ సాఫ్ట్‌వేర్‌లో వేసుకుంటాను. ఇప్పటిదాకా సబ్‌వూఫర్ ఉన్న కంప్యూటర్ స్పీకర్లలోనే మిక్స్ చేస్తున్నా. గదిలో నిండుగా వినిపించిన పాట కార్లో పెడితే బేస్ పల్చబడిపోయి, గొంతు ఒక్కటే ముందుకొచ్చేస్తోంది. ఫోన్‌లో వింటే ఇంకో రకంగా ఉంటోంది.

స్టూడియో మానిటర్లు, అంటే మిక్సింగ్ కోసం చేసిన స్పీకర్లు, కొందామని చూస్తే వూఫర్ (బేస్ ఇచ్చే పెద్ద కోన్) 3 అంగుళాల నుంచి 8 అంగుళాల దాకా ఉన్నాయి. పెద్దవే తీసుకో, మళ్ళీ కొనే పని ఉండదు అని కొందరు, 5 చాలని కొందరు అంటున్నారు. బడ్జెట్ తక్కువ. ఒకసారి కొంటే కొన్నేళ్లు వాడాలి. కాస్త వివరంగా చెప్పండి.

జవాబు

మీ గదికి 8 అంగుళాలవి వద్దండీ. 5 అంగుళాల జత తీసుకోండి. మిగిలిన డబ్బు గోడలకు ధ్వని పీల్చే ప్యానెల్స్ మీద పెట్టండి. ఎందుకో చెప్తాను.

మీ కారు సంగతి వింటేనే విషయం తెలుస్తోంది. సబ్‌వూఫర్ స్పీకర్లు లేని బేస్‌ని కూడా ఉన్నట్టు వినిపిస్తాయి. చాలా ఉందనుకుని మీరు తగ్గించేస్తారు. బయట వింటే పాట బోలుగా ఉంటుంది. మంచి మానిటర్ కొన్నా గది అదే పని చేస్తే ఫలితం మారదు. గది చేసేది కూడా సరిగ్గా అదే.

శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఆ లెక్కన 12 అడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య సగం అల సరిగ్గా పట్టే ఫ్రీక్వెన్సీ 47 హెర్ట్జ్, అంటే సెకనుకు 47 కంపనాలు. 10 అడుగుల గోడల మధ్య 56 హెర్ట్జ్. ఈ రెంటి దగ్గరా, వీటి రెట్టింపుల దగ్గరా గది తనంతట తానే మోగుతుంది. పైకప్పు కూడా 10 అడుగుల ఎత్తులోనే ఉంటే 56 దగ్గర రెండూ కలిసి ఇంకా ఎక్కువ మోగుతాయి. ఒక మూల కూర్చుంటే బేస్ వరదలా ఉంటుంది, గది నడిమధ్యకు వస్తే మాయమవుతుంది. 8 అంగుళాల వూఫర్ ఈ ప్రాంతంలోకే ఇంకాస్త బలంగా ధ్వని పంపుతుంది. దాంతో మీకు వినబడేది ఎక్కువగా గదే, పాట తక్కువ.

గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ 82 హెర్ట్జ్. బేస్ గిటార్ కింది తీగ 41. మీ పనిలో ముఖ్యమైనది గొంతు, గిటార్. అవి 5 అంగుళాల మానిటర్ పరిధిలోకి హాయిగా వస్తాయి. కింద మిగిలిన కొద్దిపాటి బేస్‌ని వేరే దారిలో సరిచూసుకోవచ్చు.

ఇక మోడళ్ళు. డబ్బా మీద రాసే ఫ్రీక్వెన్సీ అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు జాగ్రత్త. యమహా హెచ్‌ఎస్5కి కింది హద్దు 54 హెర్ట్జ్ అని రాస్తారు. అది ధ్వని 10 డెసిబెల్స్ (ధ్వని బలానికి కొలత) పడిపోయే చోటు. 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గే చోటు చూస్తే 74 హెర్ట్జ్. జేబీఎల్ 305పి మార్క్ 2కి ఇవే అంకెలు 43, 49. ఒక కంపెనీ 10 డెసిబెల్స్ లెక్కా, ఇంకో కంపెనీ 3 డెసిబెల్స్ లెక్కా రాస్తే పోలికే తప్పు. ఏ లెక్కో రాయని చోట ఆ అంకెను వదిలేయండి.

నా అభిప్రాయం చెప్తాను. హెచ్‌ఎస్5లో మధ్య స్వరాలు బాగా ముందుకొస్తాయి. గొంతులో ఉన్న కరుకుదనం, 'స' 'ష' దగ్గర వచ్చే గీరు శబ్దం దాచకుండా చూపిస్తుంది. వినడానికి అంత సుఖంగా ఉండదు, పనికి మాత్రం చాలా మంచిది. బేస్ తక్కువ. 305పిలో ట్వీటర్ (పై స్వరాలు ఇచ్చే చిన్న స్పీకర్) చుట్టూ ఉన్న వేవ్‌గైడ్ అనే గిన్నె లాంటి ఆకారం వల్ల కుర్చీలో అటూ ఇటూ కదిలినా ధ్వని పెద్దగా మారదు. బేస్ కూడా ఎక్కువ. కాకపోతే పాట ఆగినప్పుడు సన్నగా 'స్‌స్' అని వినబడుతుంది, దగ్గరగా కూర్చునేవాళ్ళకు అది చికాకు. కాలి ఎల్‌పి-6 వూఫర్ 6.5 అంగుళాలు, మీ గదికి అదే ఆఖరి హద్దు. దాని వెనక చిన్న స్విచ్‌లు ఉంటాయి, స్పీకర్‌ని గోడ పక్కన పెట్టారా, బల్ల మీద పెట్టారా అన్నదాన్ని బట్టి మార్చుకోవచ్చు. ఆడమ్ టి5విలో పై స్వరాలు చాలా స్పష్టం. కేఆర్‌కే రాకిట్ బేస్ ఎక్కువగా ఇష్టపడేవాళ్ళకు బాగుంటుంది, మీ సమస్యకు నేను చెప్పను.

గొంతు ప్రధానం కాబట్టి నేనైతే మీకు హెచ్‌ఎస్5 చెప్తాను. బేస్ మీద ఎక్కువ పని ఉంటే 305పి.

షాపులో రెండింటినీ పోల్చి వింటే రెండింటి వాల్యూమ్ ఒకేలా పెట్టించుకోండి. 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు: వాల్యూమ్ తగ్గితే మన చెవికి బేస్ మరీ ఎక్కువగా తగ్గినట్టు వినబడుతుంది. అందుకే కాస్త గట్టిగా మోగేదే మంచి స్పీకర్ అనిపిస్తుంది. మీకు బాగా తెలిసిన పాటలు, ఎక్కడ ఏం వినబడాలో కంఠతా వచ్చినవి, తీసుకెళ్ళండి.

అడిగినవారి నుంచి

చాలా థాంక్స్ అండీ. రెండు సందేహాలు. హెచ్‌ఎస్5కి పోర్ట్ (డబ్బాలోని గాలి బయటికొచ్చే రంధ్రం) వెనక ఉంది. గోడకు దూరంగా, కనీసం 3 అడుగులు వదలాలని ఎక్కడో చదివాను. నా గదిలో అంత చోటు లేదు. ముందు పోర్ట్ ఉన్నవే చూసుకోవాలా? ఇంకోటి, వాట్స్ ఎన్ని ఉండాలి?

జవాబు

వాట్స్ గురించి టెన్షన్ పెట్టుకోకండి. మీరు స్పీకర్‌కి మూడు నాలుగు అడుగుల దూరంలో కూర్చుంటారు. ఈ మోడళ్ళలో ఏదైనా మీ చెవికి సరిపోయేదానికన్నా ఎక్కువే మోగుతుంది.

పోర్ట్ విషయంలో భయపడాల్సినదానికన్నా ఎక్కువ భయపడుతున్నారు. వెనక గాలి ఆడేంత ఖాళీ ఉంటే పోర్ట్‌కి చాలు. అసలు సంగతి గోడ దగ్గర ఉంది. కింది స్వరాలు స్పీకర్ ముందుకే కాదు, అన్ని వైపులకూ పోతాయి. వెనక్కి వెళ్ళినవి గోడకు తగిలి తిరిగి ముందుకొస్తాయి. ఆ రానుపోను దూరం సగం అలకు సమానమైన చోట, నేరుగా వచ్చే ధ్వనీ తిరిగొచ్చిన ధ్వనీ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. స్పీకర్ ముందు భాగం గోడకు 3 అడుగుల దూరంలో ఉంటే ఆ గుంట 94 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. 2 అడుగులైతే 140 దగ్గర. పాటకు ఒళ్ళు ఇచ్చేది సరిగ్గా ఆ ప్రాంతమే. అక్కడ గుంట పడితే ఈక్వలైజర్‌తో (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచి తగ్గించే సాధనం) ఎంత పెంచినా పూడదు, ఎందుకంటే మీరు ఎంత పెంచితే తిరిగొచ్చేదీ అంతే పెరుగుతుంది.

అందుకే చిన్న గదిలో స్పీకర్‌ని గోడకు దగ్గరగా జరపడమే మేలు. వెనక అరడుగు లోపు ఖాళీ వదిలితే స్పీకర్ లోతు కలుపుకుని గుంట 250 హెర్ట్జ్ దాకా పైకి పోతుంది. అంత పైన ఉన్నదాన్ని 4 అంగుళాల మందం ఉన్న రాక్‌వూల్ (రాతి పీచు) ప్యానెల్ చాలావరకు పీల్చుకోగలదు, 94 దగ్గర ఉన్నదాన్ని పీల్చుకోలేదు. గోడ దగ్గర పెడితే బేస్ పెరుగుతుంది, అది నిజమే. దానికోసమే హెచ్‌ఎస్5 వెనక రూమ్ కంట్రోల్ స్విచ్ ఉంది. 500 హెర్ట్జ్ కింద 2 గానీ 4 గానీ డెసిబెల్స్ తగ్గిస్తుంది. పెరిగినదాన్ని తగ్గించడం సులువు. పోయినదాన్ని తేవడమే కష్టం. 305పిలో కూడా బౌండరీ ఈక్యూ అని అలాంటిదే ఉంటుంది.

గదిలో పొడవు వైపు చూస్తూ కూర్చోండి, అంటే స్పీకర్లు 10 అడుగుల గోడ దగ్గర ఉండాలి. ఎడమ గోడకూ కుడి గోడకూ దూరం సమానంగా ఉండాలి. ఒక పక్క బీరువా, ఇంకో పక్క కిటికీ ఉంటే గొంతు ఒక వైపు జరిగినట్టు అనిపిస్తుంది. తల గది పొడవుకు నడిమధ్య పడకూడదు. ముందు గోడ నుంచి పొడవులో 38 శాతం దగ్గర, అంటే మీకు నాలుగున్నర అడుగుల దగ్గర కూర్చుని మొదలుపెట్టి, అక్కణ్ణుంచి కొంచెం ముందుకూ వెనక్కూ జరిగి చూడండి. రెండు స్పీకర్లూ మీ తలా కలిపి సమబాహు త్రిభుజం కావాలి, ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. బల్ల మీద పెట్టక తప్పకపోతే కింద గట్టి ఫోమ్ దిమ్మెలు పెట్టి కొంచెం పైకి లేపండి.

మరో సభ్యురాలు

నేను వేరేలా చెప్తాను. ప్యానెల్స్ లేని గదిలో, తక్కువ బడ్జెట్‌లో మానిటర్లు కొనడం తొందరపాటు. ముందు ఒక మంచి ఓపెన్ బ్యాక్ (వెనక భాగం మూసి ఉండని) హెడ్‌ఫోన్స్ కొనండి. సెన్‌హైజర్ హెచ్‌డి 600 గానీ, బేయర్‌డైనమిక్ డిటి 990 గానీ. గది గొడవే ఉండదు, రాత్రిపూట ఎవరి నిద్రా చెడదు. నా పాటలన్నీ అలాగే మిక్స్ చేస్తున్నాను. బయట ఎక్కడ విన్నా బాగానే ఉంటున్నాయి.

జవాబు

మీ మాటలో చాలా నిజం ఉందండీ. 60 హెర్ట్జ్ కింద ఏం జరుగుతోందో ఆ గదిలో ఏ మానిటర్ కన్నా హెడ్‌ఫోన్సే నిజాయితీగా చెప్తాయి. ఇందాక వేరే దారి అన్నది దాన్నే. మానిటర్లు కొన్నా అవి ఉండాల్సిందే. ఒక్క జాగ్రత్త: ఓపెన్ బ్యాక్‌వి మిక్స్‌కి మాత్రమే. పాడేటప్పుడు వాడితే ధ్వని బయటికి వచ్చి మైకులో పడుతుంది. దానికి సోనీ ఎండీఆర్-7506 లాంటి క్లోజ్డ్ బ్యాక్ కావాలి.

కానీ వీరికి మానిటర్లే ముందు అంటాను. హెడ్‌ఫోన్స్‌లో ఎడమది ఎడమ చెవికే, కుడిది కుడి చెవికే వినబడుతుంది. స్పీకర్లలో రెండూ రెండు చెవులకూ చేరతాయి. అందువల్ల గొంతు ఎంత ముందుండాలి, రివర్బ్ (ప్రతిధ్వని లాంటి గుంజన) ఎంత ఉండాలి అన్నవి హెడ్‌ఫోన్స్‌లో అంచనా వేయడం చాలామందికి కుదరదు. ఎన్నో ఏళ్ల అలవాటు ఉంటే కుదురుతుంది, మీకు కుదిరింది. పాడేవారికి మాత్రం గొంతు స్థాయే ప్రాణం, అది స్పీకర్లోనే తేలాలి.

అడిగినవారి నుంచి

సరేనండీ, మానిటర్లకే వస్తాను. గోడలకు కోడిగుడ్ల ట్రేలు, పల్చటి ఫోమ్ అంటించిన వీడియోలు చూశాను. పనిచేస్తాయా? సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే ఏం చూడాలి?

జవాబు

ట్రేలు వద్దు. ధ్వనిని పీల్చే పదార్థం వాటిలో ఏమీ లేదు. పల్చటి ఫోమ్ పై స్వరాలను మాత్రమే తినేస్తుంది, బేస్‌ని ముట్టుకోదు. గది మూగగా అనిపిస్తుంది, మిక్స్ మాత్రం అలాగే తప్పుతుంది. 4 అంగుళాల రాక్‌వూల్ గానీ గ్లాస్‌వూల్ గానీ చెక్క ఫ్రేములో పెట్టి, గుడ్డ కప్పి, మీరే చేసుకోవచ్చు. పీచు చర్మానికీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు, గ్లవ్స్, మాస్క్ వేసుకోండి. మొదట స్పీకర్ల వెనక గోడకు, తర్వాత పక్క గోడలకు. పక్క గోడ మీద ఎక్కడన్నది తెలియాలంటే మీరు కుర్చీలో కూర్చోండి, ఒకరు అద్దాన్ని గోడకు ఆనించి జరుపుతూ పోవాలి. అద్దంలో స్పీకర్ కనబడిన చోటే ప్యానెల్ పడాలి. ఇంకా మిగిలితే వెనక మూలలకు, ఎంత మందం వీలైతే అంత. కొలిచి చూడాలనుకుంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మెజర్‌మెంట్ మైకుతో గది గ్రాఫ్ చూపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు గుండె జారిపోతుంది, అన్ని చిన్న గదుల గ్రాఫూ అలాగే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ అయితే వూఫర్ అంచు చుట్టూ ఉన్న రబ్బరు చీలిందేమో, ట్వీటర్ సొట్టపడిందేమో చూడండి. ఫోన్‌లో టోన్ జెనరేటర్ పెట్టి 40 హెర్ట్జ్ నుంచి పైకి మెల్లగా పోనివ్వండి. మధ్యలో ఎక్కడైనా గరగర వస్తే వద్దు. రెండింటికీ ఒకే మోనో ధ్వని పంపితే అది సరిగ్గా నడుమనుంచి రావాలి. పక్కకు లాగుతుంటే ఒకటి బలహీనపడింది.

కేబుళ్ళు బ్యాలెన్స్‌డ్ టీఆర్‌ఎస్ (బయటి చప్పుడును తగ్గించే రకం) తీసుకోండి, చాలా ఇంటర్‌ఫేస్‌ల వెనక అవే పడతాయి. మామూలు ఆర్‌సీఏతో కంప్యూటర్ చప్పుడు, 'గుంయ్' మనే హమ్ వచ్చే అవకాశం ఎక్కువ.

అడిగినవారి నుంచి

చివరిగా ఒకటి. రేటు చూసి సంతోషపడితే అది ఒక్కదానికేనట! రెండూ ఒకేసారి కొనడం ఇప్పుడు కష్టం. 3.5 అంగుళాల జత తీసుకోవాలా, లేక ఆగాలా?

జవాబు

అవును, హెచ్‌ఎస్5, 305పి లాంటివి చాలాచోట్ల విడివిడిగా అమ్ముతారు. ప్రిసోనస్ ఎరిస్ 3.5 లాంటి చిన్నవి జతగా వస్తాయి. వాటిలో ఆంప్లిఫయర్ ఒక స్పీకర్లోనే ఉంటుంది, రెండోది దానికి తీగతో కలుస్తుంది. చెడ్డవి కావు, కానీ 80 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి. మీరు ఇప్పుడు బేస్ దగ్గరే దెబ్బతింటున్నారు కాబట్టి వద్దంటాను.

ఆగకండి కూడా. ఒక్క హెచ్‌ఎస్5 కొని ఎదురుగా పెట్టుకోండి, మిక్స్‌ని మోనో చేసి, అంటే ఎడమ, కుడి కలిపి ఒక్కటిగా, వినండి. గొంతు, వాయిద్యాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే మోనోలో వెంటనే దొరికిపోతుంది, స్టీరియోలో అటూ ఇటూ జరిపి ఉండటం వల్ల కనబడదు. లెవెల్స్, ఈక్వలైజర్ అంతా ఆ ఒక్కదాని మీదే చేయండి. ప్యానింగ్ (ఏది ఎడమకు, ఏది కుడికి అన్నది), రివర్బ్ వెడల్పు మాత్రం అప్పటిదాకా హెడ్‌ఫోన్స్‌లో చూసుకోండి. పాత సబ్‌వూఫర్‌ని మాత్రం దీనికి జతచేయకండి, తీగ పీకేయండి. రెండోది కొనేటప్పుడు అదే మోడల్, అదే వెర్షన్ అడిగి తీసుకోండి. ఆన్ చేసేటప్పుడు ఇంటర్‌ఫేస్ ముందు, మానిటర్ తర్వాత. ఆఫ్ చేసేటప్పుడు మానిటర్ ముందు. లేకపోతే 'ఢబ్' మని వచ్చే దెబ్బ ట్వీటర్‌కి తగులుతుంది.