‘బూమ్ చికా బూమ్’ను తెలుగులో ఏమని రాయాలి?

ప్రశ్న: అమెరికా కంట్రీ (అక్కడి పల్లె బాణీ సంగీతం) గాయకుడు జానీ క్యాష్ మీద వ్యాసం రాస్తున్నాను. ఆయన బృందం బాణీకి ‘బూమ్ చికా బూమ్’ అని పేరు. తెలుగులో ‘లయాత్మక ధ్వని’ అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. ఎవరు ఏం వాయిస్తున్నారో ఆ మాటలోనే వినిపిస్తుంది. ‘బూమ్’ బృందంలోని మార్షల్ గ్రాంట్ బేస్‌ది (బేస్ అంటే మంద్ర స్వరాలు పలికే తీగవాద్యం). ‘చికా’ గిటార్లది. బృందం గిటారిస్టు లూథర్ పెర్కిన్స్ తీగల్ని అరచేతి అంచుతో అదిమిపెట్టి వాయించేవాడు. ‘ఐ వాక్ ద లైన్’ (1956) పాటకైతే క్యాష్ తన గిటార్ తీగల మధ్య కాగితం దూర్చి డ్రమ్ములాంటి చప్పుడు తెప్పించాడు. ఎందుకంటే వాళ్లకు డ్రమ్మర్ లేడు. 1960లో డబ్ల్యూ.ఎస్. హాలండ్ వచ్చేదాకా తాళం నిలబెట్టే బరువు చాలావరకు గ్రాంట్ మీదే.

ఆ గ్రాంట్ ఎవరనుకున్నారు? మెంఫిస్‌లో కార్ల మెకానిక్. 1954లో క్యాష్‌తో కలిసినప్పుడు క్యాష్, పెర్కిన్స్, గ్రాంట్ ముగ్గురి చేతుల్లోనూ గిటార్లే. అంతకుముందు ఎన్నడూ బేస్ వాయించని మనిషి, నిలువెత్తు బేస్ ఒకటి కొని, ఏ స్వరం ఎక్కడుందో తెలియడానికి దాని మెడ మీద టేపు ముక్కలు అంటించుకుని నేర్చుకున్నాడు!

కంట్రీలో బేస్ ఎక్కువగా ఒకటో దెబ్బకు షడ్జమం, మూడో దెబ్బకు పంచమం పలుకుతుంది. తంబురాలాగా స, పలతోనే పని. తేలిగ్గా అనిపిస్తుంది కానీ, ఆ రెండు దెబ్బలు తడబడితే గాయకుడికి ఆసరా ఉండదు. గ్రాంట్ ఆ పని పాతికేళ్లు చేశాడు. బృందం ప్రయాణాల బాధ్యత కూడా తనే చూసుకున్నాడు. 1980లో క్యాష్ అతన్ని తీసేశాడు. వ్యవహారం కోర్టుదాకా వెళ్లి రాజీతో ముగిసింది. చదివిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది.

మరొకరు: మనకు ‘డండణక’ ఉంది కదా, అది వాడొచ్చుగా?

జవాబు: మంచి మాటే, కానీ అది వినగానే డప్పు గుర్తొస్తుంది. డప్పుది తోలు మోత, ఇక్కడిది తీగ మోత. గలగల, టకటక మన చెవికి పుట్టినట్టే ఇది వాళ్ల చెవికి పుట్టింది. ‘బూమ్ చికా బూమ్’ అనే ఉంచండి. మొదటిసారి వచ్చినచోట ‘బూమ్ బేస్‌ది, చికా గిటార్‌ది’ అని ఒక వాక్యం చేర్చండి. అక్కడే గ్రాంట్ పేరు కూడా వేయండి, దయచేసి.