సైకిల్ తొక్కేటోళ్లు హెల్మెట్ పెట్టుకోవాల్నా? పడినోళ్లు, పెట్టుకునేటోళ్లు, పెట్టుకోనోళ్లు చెప్పండి

పెన్నాతీరం (అనంతపురం)

అందరికీ నమస్తే. మా పాప తొమ్మిదో తరగతి. ఈ జూన్ నుంచి సైకిల్ మీదే బడికి పోతా ఉంది. రుద్రంపేట నుంచి టవర్‌క్లాక్ దాటి పోవాల. పోయిన వారం సందులోంచి మెయిన్ రోడ్డు ఎక్కే చోట ట్రాక్టర్లు రాల్చిన ఇసుక మీద ముందు చక్రం జారింది. మోచెయ్యి చెక్కుకుపోయింది, గడ్డం కింద రెండు కుట్లు పడినాయి. తలకు ఏం తగల్లేదు. "తగల్లేదు" అనే ఆ మాట నన్ను నాలుగు రాత్రులుగా నిద్రపోనియ్యలేదు.

నేను బండి తీస్తే హెల్మెట్ లేకుండా వీధి దాటను. అట్లాంటోడిని, బిడ్డకు సైకిల్ కొనిచ్చేటప్పుడు ఆ ఆలోచనే రాలేదు. షాపాయన బెల్లు, బుట్ట, స్టాండు, తాళం అన్నీ అడిగినాడు, హెల్మెట్ మాట ఎత్తలేదు. బడి విడిచే టైముకు సప్తగిరి సర్కిల్లో నిలబడి చూసినా. సైకిళ్లు వస్తానే ఉన్నాయి, ఒక్క తల మీద కూడా లేదు. పాపను అడిగితే, "నా ఒక్కదానికే ఉంటే అందరూ నన్నే చూస్తారు నాయనా" అంటుంది.

పోలీసోళ్లు అడగరు, ఫైనూ లేదు. మనంతట మనమే పెట్టుకోవాల్నా? పెట్టుకుంటే నిజంగా ఉపయోగం ఉంటుందా? కొనమనో వద్దనో ఒక్క మాటతో వదిలెయ్యకుండా, మీకు జరిగింది చెప్పండి.

బురుజు రైడర్ (కర్నూలు)

పాపకు కుట్లు మానినాయా అన్నా? ముందు ఆ సంగతి చెప్పండి.

నాకు జరిగింది చెప్తాను. ఆదివారాలు తెల్లవారుజామున మేం నలుగురం ఓర్వకల్లు రాక్ గార్డెన్ దాకా పోయి వస్తుంటాం. రెండేళ్ల కింద ఒక రోజు తిరిగి వచ్చేటప్పుడు, నంద్యాల చెక్‌పోస్టు ఇంకా రాకముందే, డివైడర్ పక్క నుంచి కుక్క అడ్డంగా ఉరికింది. బ్రేక్ పట్టే సందు కూడా లేదు. చక్రం కుక్కకు తగిలింది, నేను కుడి పక్కకు పడ్డాను. భుజం, ఆ వెంటనే తల. రోడ్డుకు తల కొట్టుకున్న ఆ "టక్" శబ్దం చెవి లోపలి నుంచి వినిపించింది.

ఇంటికి వచ్చి హెల్మెట్ తిప్పి చూసుకున్నా. పైపెంకు మీద గరుకు గీతలు, ఆ గీతల్లో ఇరుక్కుపోయిన కంకర పొడి. లోపల థర్మాకోల్‌లో కుడి కణత దగ్గర నుంచి వెనక దాకా వెంట్రుకంత సన్నటి పగులు. వేలు పెట్టి తడిమితే ఆ చోట రూపాయి బిళ్ల అంత మేర అణిగిపోయి ఉంది. మళ్లీ పైకి రాలేదు. దాన్ని పారెయ్యబుద్ధి కాక మేకుకు తగిలించా. కొత్తది తెచ్చుకున్నా.

హెల్మెట్ లేకుంటే చచ్చిపోయేవాణ్ని అని నేను చెప్పను, ఏమయ్యేదో ఎవరికి తెలుసు? కానీ ఆ అణిగిన చోటు నా కణత మీద ఉండేది. అంత వరకు మాత్రం చెప్పగలను.

ఇంకొక మాట. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కే బీఆర్‌ఎం అనే దూరపు సైకిల్ రైడ్లకు పోతే హెల్మెట్ లేనోళ్లను స్టార్ట్ లైన్ దగ్గరే నిలిపేస్తారు. పందేలు తొక్కే ప్రొఫెషనల్ రైడర్లు కూడా చానా కాలం వద్దనే అన్నారు. 2003లో పారిస్-నీస్ రేసులో ఆంద్రేయ్ కివిలేవ్ అనే కజకిస్తాన్ రైడర్ పడి, తల దెబ్బతో చనిపోయాకే వాళ్ల సమాఖ్య తప్పనిసరి చేసింది.

పాత అట్లాస్ (కడప)

తమ్ముడూ, మీరంతా పొద్దున సరదాకు తొక్కేటోళ్లు. నేను పనికి తొక్కేటోణ్ని. నలభై ఏండ్లకు పైన అయింది. దేవుని కడప పక్క నుంచి ఏడు రోడ్ల సర్కిల్ మీదుగా రోజూ పనికి పోయి వస్తా. వెనక క్యారేజీ మీద పనిముట్ల సంచి, తల మీద తడి టవలు. మే నెలలో మా కడప ఎండ ఎట్లుంటాదో మీకు చెప్పే పన్లేదు. టవలు నిమిషానికి ఆరిపోతాది, బోరింగు దగ్గర మళ్లీ తడుపుకొని చుట్టుకుంటా. ఆ తల మీద ప్లాస్టిక్ డిప్ప పెట్టుకోమంటే ఎట్లప్పా?

రేటు సంగతి చూడండి. నా సైకిల్ సెకండ్ హ్యాండుది, రెండు వేలకు కొన్నా. హెల్మెట్ పదిహేను వందలంటారు. సైకిల్ రేటుకు హెల్మెట్ కొనేటోడు సైకిల్ ఎందుకు తొక్కుతాడు?

నేను మూడు సార్లు పడినా. మూడు సార్లూ నా తప్పు లేదు. ఒకసారి ఆటో ఉన్నట్టుండి ఎడమకు కోసినాడు. ఒకసారి కారాయన వెనక చూడకుండా డోరు తీసినాడు. ఒకసారి రంగు వెయ్యని స్పీడ్ బ్రేకరు, చీకట్లో కనపడలా. వాళ్లను అడిగే దిక్కు లేదు గానీ, పడినోణ్ని పట్టుకుని "తలకు ఎందుకు పెట్టుకోలేదు?" అంటారు. నాకు కోపమొచ్చేది అక్కడ. గువ్వలచెరువు ఘాటులో లారీ మీదికొస్తే ఏ డిప్ప కాపాడుతాది?

నైట్ డ్యూటీ (కర్నూలు)

నేను నర్సును. క్యాజువాల్టీలో చానా ఏళ్లు చేశాను. పెద్దాయన కోపంలో న్యాయం ఉంది. ఆటో కోసింది, డోరు తీసింది ఆయన తప్పు కాదు. కానీ మా దగ్గరికి వచ్చే తలకాయకు ఎవరి తప్పో తెలియదు కదా పెద్దాయనా.

ఒక కేసు చెప్తాను, మనిషి ఆనవాళ్లు చెప్పను. సైకిల్ మీద నుంచి పడ్డ ఒక కుర్రాడు తన కాళ్ల మీద తానే నడిచి వచ్చాడు. నవ్వుతూ మాట్లాడాడు. చెవి పైన బొప్పి తప్ప ఏమీ లేదు. ఇంటికి పోతానన్నాడు. డాక్టరు గారు వద్దని ఉంచారు. రెండు గంటలకు తల నొప్పి అన్నాడు, ఆ తరువాత వాంతి, ఆ తరువాత పిలిస్తే పలకడం తగ్గింది. కణత దగ్గర ఎముక పలచగా ఉంటుంది, దాని వెంబడే రక్తనాళం పోతుంది. ఎముక చిట్లి ఆ నాళం తెగితే పుర్రెకు, మెదడు పైపొరకు మధ్య రక్తం చేరుతుంది. చేరినంత సేపు మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. అదే మోసం. ఆ పిల్లాణ్ని సమయానికి ఆపరేషన్‌కు తీసుకున్నారు, బతికాడు.

అందుకే హెల్మెట్ ఉన్నా లేకున్నా, పడి తల తగిలితే ఒక రోజు కనిపెట్టుకొని ఉండండి. తలనొప్పి పెరగడం, ఒకటికి మించి వాంతులు, మత్తు, మాట తడబడడం, చేయో కాలో పట్టు తప్పడం, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటిది కారడం, ఫిట్స్. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. "పడుకుంటే తగ్గుతుందిలే" అని ఒంటరిగా పడుకోబెట్టకండి. నేను బతిమాలి చెప్తున్నా.

పెన్నాతీరం అన్నా, పాపకు కొనండి.

మెకానికల్ బ్రాంచి (అనంతపురం)

ఉపయోగం ఉంటుందా అని అడిగారు కాబట్టి చెప్తున్నా. పని చేసేది పైపెంకు కాదు, లోపలి థర్మాకోల్. తల రోడ్డుకు తగిలినప్పుడు అది నలుగుతుంది. ఆ నలిగే రెండు సెంటీమీటర్ల దూరంలో తల ఆగుతుంది. అది లేకపోతే ఆ ఆగడమంతా రెప్పపాటు కూడా పట్టకుండా ఎముక మీదే జరిగిపోతుంది. ఒకసారి నలిగిన థర్మాకోల్ రెండోసారి పనికిరాదు. బురుజు రైడర్ దాన్ని మేకుకు తగిలించి కొత్తది కొనుక్కున్నది సరైన పని.

యూరప్ ప్రమాణం ఈఎన్ 1078లో, తల ఆకారపు దిమ్మెకు హెల్మెట్ తొడిగి సెకనుకు 5.42 మీటర్ల వేగంతో చదునైన ఉక్కు మీద పడేస్తారు. అంటే ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి పడినట్టు, గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. మన పాపలు సైకిల్ మీద నుంచి నేల మీద పడితే తల పడేది దగ్గర దగ్గర ఆ ఎత్తు నుంచే. కాబట్టి ఇసుక మీద జారడానికి, కుక్కకు, స్పీడ్ బ్రేకరుకు ఇది పనికొస్తుంది. లారీ గుద్దితే? దానికోసం దీన్ని తయారు చెయ్యలేదు. పెద్దాయన అక్కడ చెప్పింది అక్షరాలా నిజం.

కొనేటప్పుడు ఒక చిక్కుంది. 2021 జూన్ నుంచి మోటారు బండి హెల్మెట్‌కు ఐఎస్ఐ తప్పనిసరి అయింది, ఆ ఉత్తర్వు సైకిల్ హెల్మెట్లకు కాదు. అందుకని లోపలి స్టిక్కరు మీద ఈఎన్ 1078 అనో, అమెరికా వాళ్ల సీపీఎస్‌సీ అనో ఉందేమో చూసుకోండి. అదీ లేనివి రోడ్డు పక్కన మూడు వందలకు దొరుకుతాయి, అవి పిల్లల ఆటబొమ్మలతో సమానం. ఇంట్లో ఉంది కదా అని బండి హెల్మెట్ పెట్టి పంపకండి. బరువు, గాలాడదు, వెనక హారన్ సరిగ్గా వినపడదు.

బ్లాక్‌బోర్డు (కడప)

నేను హైస్కూల్ టీచర్ని. పెట్టుకోవాలనేదానికి నేను వ్యతిరేకం కాదు, తప్పనిసరి చెయ్యాలనేదానికి వ్యతిరేకం. ఇక్కడ ఎవరూ ఇంకా ఆ మాట అనలేదు, కానీ ఇలాంటి చర్చ చివరికి అక్కడికే పోతుంది కాబట్టి ముందే చెప్తున్నా.

మా బడికి సైకిళ్ల మీద నాలుగైదు కిలోమీటర్ల నుంచి వచ్చే ఆడపిల్లలు ఉన్నారు. ఆ సైకిల్ రాకముందు వాళ్లకు ఆటో దొరికిన రోజే బడి. ఇప్పుడు జతలు జతలుగా, ఒకరి వెనక ఒకరు, టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తగిలించుకొని వస్తారు. రేపు "హెల్మెట్ లేనిదే గేటు లోపలికి రాకూడదు" అని ఎవరైనా ఒక సర్క్యులర్ తెస్తే, కొనలేని ఇంట్లో ఆగిపోయేది సైకిల్, దాని వెంట చదువు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1990లో హెల్మెట్‌ను చట్టం చేసింది. ఆ తరువాత సైకిల్ ఎక్కే టీనేజీ పిల్లలు తగ్గారని అక్కడే లెక్క తేలింది. నెదర్లాండ్స్‌లో ఊరంతా సైకిళ్లే, హెల్మెట్ పెట్టేవాళ్లు తక్కువ. ఎందుకంటే వాళ్ల సైకిల్‌కు వేరే దారి ఉంది, కార్లు నెమ్మదిగా పోతాయి. మనకు ఆ దారి లేదు. లేదు కాబట్టే పెట్టుకోమంటాను. అది కూడా కొనగలిగిన వాళ్లను.

జడకుచ్చులు (అనంతపురం)

పెన్నాతీరం అన్నా, "అందరూ నన్నే చూస్తారు" అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. మా అమ్మాయిది అదే కథ. హెల్మెట్ కొన్నాం, సందు మలుపు తిరిగేదాకా పెట్టుకొని తరువాత బుట్టలో వేసేది. ఒకరోజు నేనే చూసినా. తిట్టలేదు. నేను కూడా ఒక సైకిల్ బయటికి తీసి, నా తలకూ ఒకటి పెట్టుకొని వారం రోజులు పక్కనే తొక్కినా. జేఎన్‌టీయూ రోడ్డు మీద చీర కట్టుకొని హెల్మెట్‌తో పోతుంటే చూసినోళ్లు చూసినారు. ఆ వారం తరువాత దాని స్నేహితురాలు ఒకతె కొనిపించుకుంది. ఇప్పుడు ముగ్గురు.

అసలు ఇబ్బంది జడ. రెండు జడలు పైకి మడిచి రిబ్బను కట్టి బడికి పంపిస్తాం కదా, ఆ మడతల మీద హెల్మెట్ కూర్చోదు, వెనక్కి ఎత్తుకొని నుదురంతా బయటికొస్తాది. ముడి చెవుల కిందికి, మెడ దగ్గరికి దించి కట్టాలి. తరువాత కనుబొమ్మల పైన రెండు వేళ్లు పట్టేంత చోటు, అంతకు మించొద్దు. పక్క పట్టీలు రెండూ చెవి కింద కలవాల. గడ్డం కింద ఒక్క వేలు దూరాల. వెనక తిప్పే చక్రం బిగించి, కొక్కెం పెట్టక ముందు తల వంచి ఊపమను. ఊగితే సైజు తప్పు. మేం ఎదుగుతుందిలే అని పెద్ద సైజు కొని పదమూడు వందలు పోగొట్టుకున్నాం. చెప్పులు కాదు కదా అది.

పాత అట్లాస్ (కడప)

నర్సమ్మ చెప్పింది రెండు సార్లు చదివించుకొని విన్నా. నాకు మనవడు ఉండాడు, ఏడో తరగతి. వాని అమ్మకు చెప్పినా, దసరాకు డ్రెస్సు బదులు అది కొనండని. వాడు ఊర్లో సందుల్లో తొక్కుతాడు, మెకానిక్ సారు చెప్పిన పడుడు వాడు రోజూ పడతానే ఉంటాడు.

నా తలకు టవలే. ఎండకు అది కావాల. కానీ రాత్రి పూట పని నుంచి వచ్చేటప్పుడు వెనక ఎర్ర లైటు పెట్టుకోమని మా కొడుకు ఎన్నాళ్ల నుంచో అంటా ఉన్నాడు, నిన్న నూట యాభై పెట్టి కొన్నా. క్యారేజీకి కట్టినా. లారీ వానికి నేను కనపడేది ముఖ్యం.

నైట్ డ్యూటీ (కర్నూలు)

లైటు కొన్నారా, చానా మంచి పని పెద్దాయనా. వానాకాలం, చలికాలం ఎండ లేనప్పుడైనా ఒకసారి పెట్టి చూడండి. టవలు కింద కట్టుకొని మాత్రం పెట్టొద్దు, జారుతుంది.

బురుజు రైడర్ (కర్నూలు)

ఎండ గురించి ఒక్క మాట. నాది మూడు వందల గ్రాములు కూడా ఉండదు, పైన గాలి రంధ్రాలు ఉన్నాయి. కదులుతున్నంత సేపు పర్వాలేదు. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం చెమట కళ్లల్లోకి కారుతుంది, రాజ్‌విహార్ సర్కిల్లో మధ్యాహ్నం పూట నరకమే. ఏప్రిల్, మే నెలల్లో నేను ఎనిమిదింటి లోపలే ఇంటికొచ్చేస్తా. పనికి పోయేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు, ఒప్పుకుంటా.

పెన్నాతీరం (అనంతపురం)

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాసినారు, చానా సంతోషం. కుట్లు తీసినారు, మచ్చ సన్నగా ఉంది.

ఆదివారం పాపను తీసుకొనే షాపుకు పోయినా. రంగు అదే ఎంచుకుంది, నేను లోపల స్టిక్కరు చూసినా. ఈఎన్ 1078 ఉంది. జడకుచ్చులు అక్క చెప్పినట్టు తల వంచి ఊపించినా, మొదటిది ఊగింది, చిన్న సైజు సరిపోయింది. నాకూ ఒకటి తీసుకున్నా. సైకిల్ మా తమ్మునిది. సోమవారం నుంచి బడి దాకా నేనూ తొక్కుతా ఉన్నా, ఇరవై ఏండ్ల తరువాత. టవర్‌క్లాక్ బ్రిడ్జి ఎక్కేసరికి ఆయాసం వచ్చింది, పాప పైన ఆగి చూస్తా ఉంది. నిన్న గేటు దగ్గర దాని క్లాసు పిల్లోడు ఒకడు హెల్మెట్ అడిగి తల మీద పెట్టుకొని చూసినాడు.

ఇసుక సంగతి వార్డు సచివాలయంలో రాసిచ్చినా. ఇంకా ఎవరూ రాలేదు. నిన్న సాయంత్రం నేనే చీపురు, పార తీసుకొని మలుపు ఊడ్చినా, ఎదురింటాయన ఒక చెయ్యి వేసినాడు.

ఒక సందేహం. మూడు రోజులకే లోపలి మెత్తలు చెమట వాసన వస్తా ఉన్నాయి. ఉతకొచ్చా?

జడకుచ్చులు (అనంతపురం)

మెత్తలు ఊడొస్తాయి అన్నా, సబ్బు నీళ్లలో చేత్తో ఉతికి నీడలో ఆరెయ్యి. హెల్మెట్‌ను మాత్రం మిద్దె మీద ఎండలో పెట్టొద్దు, థర్మాకోల్ పాడవుతుంది. తడిబట్టతో తుడిస్తే చాలు.