సమస్య: "నడిచి వచ్చె నడవి నరుని జంప"

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి.

నడిచి వచ్చె నడవి నరుని జంప

అడవికి కాళ్లు లేవు కదా, ఎలా నడిచిందన్నదే చిక్కు. దాన్ని షేక్స్‌పియర్ 'మాక్బెత్' నాటకంలోనే విప్పండి. బర్నం అడవి డన్సినేన్ కొండ మీదికి వచ్చేదాకా నీకు ఓటమి లేదని, రాజు డంకన్‌ని చంపి గద్దెనెక్కిన మాక్బెత్ మంత్రగత్తెల దగ్గర జోస్యం విన్నాడు. కథ చెప్పి ఊరుకోవద్దు. తప్పు విధిదా, అతనిదా? పద్యం ఏదో ఒక పక్షాన నిలబడాలి.

తెరచాటు:

కొమ్మ నరికి పట్టి కొండపైకేగుచు
సేన లెక్క దాచె చెట్టు చాటు
కోట నుండి చూచి కొయ్యబారెను రాజు
నడిచి వచ్చె నడవి నరుని జంప

పద్యప్రియ: ధార బాగుందండీ. రెండో పాదంలో సే–చె యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు: చెల్లుతుంది. చకార సకారాలకు మైత్రి ఉంది, అచ్చులూ కుదిరాయి. నా అభ్యంతరం మూడో పాదం మీద. రాజు చూడలేదు. కావలి కాసే భటుడు వచ్చి అడవి కదులుతున్నట్టుందని చెబుతాడు. అబద్ధమైతే చెట్టుకి వేలాడదీస్తానని మాక్బెత్ బెదిరిస్తాడు. 'కావలిభటు డనగ కలత జెందెను రాజు' అంటే గణాలూ యతీ నిలుస్తాయి, నాటకమూ నిలుస్తుంది. ఇక పక్షం సంగతి. మీ పద్యం, కొమ్మల చాటున సేనను నడిపించిన డంకన్ కొడుకు మాల్కం వేసిన యుద్ధపు ఎత్తు దగ్గరే ఆగిపోయింది.

చిరుమువ్వ: నాది విధి పక్షం.

విధికి దాసుడగుచు వీరుడు తలవంచె
చెట్టు కదలదనుచు చింత వీడె
విధియె వేషమూని వెడలి వచ్చిన యట్లు
నడిచి వచ్చె నడవి నరుని జంప

మంత్రగత్తెలు కాడర్ ప్రభువు పదవి వస్తుందన్నారు, వచ్చింది. కిరీటం అన్నారు, అదీ వచ్చింది. చివరికి అడవీ వచ్చింది. ఇక అతని చేతిలో ఏముందండీ?

పద్యప్రియ: కత్తి ఉంది కదండీ! కాడర్ పదవి అతను వేలు కదపకుండానే దక్కింది. రాత ఉంటే కిరీటం కూడా తన ప్రయత్నం లేకుండానే రావచ్చని మొదటి అంకంలో తనే అనుకుంటాడు. ఆ ఆలోచన మీద నిలబడి ఉంటే డంకన్ బతికేవాడు. తోటి సేనాని బాంక్వో కూడా పక్కనే నిలబడి విన్నాడు. తన సంతతి రాజులవుతారని అతనికీ చెప్పారు. అతను ఎవరి గొంతూ కోయలేదు.

మాట చెప్పినారు మంత్రగత్తెలు కాని
కత్తి పట్టుమనుచు గదిమినారె?
తానె చేసికొన్న తన కర్మఫలముగా
నడిచి వచ్చె నడవి నరుని జంప

తెరచాటు: మొదటి రెండు పాదాలకు చేతులెత్తి దండం. మూడోదాంట్లో 'తానె', 'తన' రెండూ ఎందుకు? ఒకటి గణం నింపడానికే వచ్చింది. కర్మఫలం అనగానే పద్యం మళ్లీ విధి వైపు జారుతోంది కూడా.

పద్యప్రియ: అయితే ఇంకొకటి చూడండి.

మనసులోన నాటె మకుటంపు కోరికన్
నెత్తురెంతొ పోసె నీరు గాగ
పెంచినట్టి చెట్లె పెరిగి గుంపై నేడు
నడిచి వచ్చె నడవి నరుని జంప

నిర్వాహకుడు: ఇది చాలా ఎత్తుకు వెళ్లింది. నాటకంలో డంకనే మాక్బెత్‌తో, నిన్ను నాటాను, ఏపుగా పెంచుతాను అంటాడు. ఆ రాజు నాటింది నమ్మకం. మాక్బెత్ నాటుకున్నది వేరే విత్తనం. మీ పద్యం ఆ మాటకి జవాబులా ఉంది. చరిత్రలో డంకన్ 1040లో యుద్ధంలో చనిపోయాడు. నాటకం అతన్ని మాక్బెత్ ఇంటికి అతిథిగా రప్పించి, నిద్రలో చంపించింది. నేరాన్ని విధి మీదికి నెట్టే దారి అక్కడే మూసుకుపోయింది.

చిరుమువ్వ గారూ, మీ మూడో పాదం నాకు చాలా ఇష్టం, అది మార్చకండి. మొదటి పాదమే నిజం కాదు. మాక్బెత్ విధికి తల వంచలేదు. బాంక్వో వంశానికి రాజ్యం దక్కుతుందన్న జోస్యాన్ని చెరపాలని బాంక్వోని చంపించాడు, కొడుకు ఫ్లియన్స్ మీదికీ హంతకుల్ని పంపాడు. పిల్లవాడు తప్పించుకున్నాడు. తనకి లాభమైతే విధి, నష్టమైతే కత్తి. జోస్యాల్లో ఏరుకున్నది అతనే.

చిరుమువ్వ: అయితే మొదటి పాదం ఇలా మారుస్తున్నానండీ:

నచ్చు మాట నమ్మి నచ్చని దెదిరించె

తెరచాటు: ఇప్పుడు 'చెట్టు కదలదనుచు చింత వీడె' అన్న పాదానికి బలం వచ్చింది. నచ్చిన మాట గనకే దాన్ని తరచి చూడలేదు.

నిర్వాహకుడు: యతి, గణాలు సరిపోయాయి. లేడీ మాక్బెత్ జోలికి ఇంకా ఎవరూ వెళ్లలేదు. వెనకాడిన భర్తని హత్యకి ఒప్పించింది ఆవిడే. ఆవిడ పాలు ఎంతో తేల్చే పూరణ కోసం సమస్యని తెరిచే ఉంచుతున్నాను.