అప్‌డేట్: వెనుక షాక్ అబ్జార్బర్లు మార్చిన తరువాత

దూర ప్రయాణాల్లో వెనుక కూర్చున్న మా ఆవిడకు నడుము నొప్పి వస్తోందని, నా 350 సీసీ బండికి ఏ షాక్ అబ్జార్బర్లు మేలని లోగడ అడిగాను. మీరు చెప్పినట్టు, ఇద్దరం సామానుతో ఎక్కినప్పుడు వెనుక భాగం ఎంత కుంగుతోందో ముందుగా కొలిస్తే, మొత్తం కదలికలో మూడో వంతు కుంగవలసినది దాదాపు సగం కుంగుతోందని తేలింది. మెత్తని స్ప్రింగే సుఖమన్న నా అభిప్రాయం పొరపాటు. అది గతుకుల్లో పూర్తిగా కుంగి కొట్టుకోవడమే బాధకు మూలం. ప్రీలోడ్ (స్ప్రింగును ముందుగానే కొంత నొక్కి ఉంచే అమరిక) బిగిస్తే ఎత్తు పెరుగుతుందే తప్ప స్ప్రింగు గట్టిదనం మారదు కనుక, పాతవాటి పొడవే ఉండి, మా బరువుకు తగిన స్ప్రింగు, రీబౌండ్ (కుంగిన స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసే) సర్దుబాటు ఉన్న జతను తీసుకున్నాను. మొన్న శ్రీశైలం ఘాట్ రోడ్డులో మొదట రీబౌండ్ ఎక్కువ బిగించడంతో వరుస గతుకుల్లో కుదిపింది. ఆగి రెండు క్లిక్కులు వదులు చేశాక, హైదరాబాదు తిరిగి వచ్చేదాకా ఆమె నొప్పి మాట ఎత్తలేదు.