స్క్రిప్ట్ అయిపోయిందని కంప్యూటర్ చేతే చెప్పించడం: మీరెలా చేస్తున్నారు?

రాత్రిబండి:
ఫోటోలన్నీ ఇంకో డిస్కుకి కాపీ చేసే స్క్రిప్ట్ ఒకటి పవర్‌షెల్‌లో (విండోస్‌లో కమాండ్లు రాసి నడిపేది) రాసుకున్నాను. 40 నిమిషాలు పడుతుంది. మొన్న డిస్కు నిండి మూడో నిమిషంలోనే ఆగిపోయింది, నేను చూసేసరికి గంట దాటింది. "అయింది" అనో "ఆగింది" అనో అదే బయటికి చెప్తే చాలు. ఇంటర్నెట్ సర్వీసులేవీ వద్దు. సిస్టమ్‌లో ఉన్న గొంతులతోనే అవుతుందా?

టెర్మినల్‌పిట్ట:
నాది మ్యాక్. అందులో "సే" అనే కమాండ్ ముందే ఉంటుంది, పక్కన కోట్స్‌లో వాక్యం రాస్తే చదివేస్తుంది. హైఫన్ వి తర్వాత గొంతు పేరు, హైఫన్ ఆర్ తర్వాత వేగం, అంటే నిమిషానికి ఎన్ని పదాలో. పేరు చోట ప్రశ్న గుర్తు పెడితే ఉన్న గొంతులన్నీ చూపిస్తుంది. కొత్త వెర్షన్లలో తెలుగుకు గీత అనే గొంతు ఉంది.

ఒక్కటి జాగ్రత్త. కాపీ కమాండ్‌కీ "సే"కీ మధ్య సెమీకోలన్ పెట్టకండి. కాపీ ఫెయిలైనా "అయిపోయింది" అనేస్తుంది. ఆ మాట నమ్మి వారం పాటు బ్యాకప్ లేకుండానే గడిపాను. రెండు ఆంపర్‌సాండ్లు ("అండ్" గుర్తు) పెడితే ముందు పని సరిగ్గా జరిగితేనే మాట్లాడుతుంది. ఫెయిలైనప్పటి మాటకి రెండు నిలువు గీతలు.

పాతకీబోర్డు:
రాత్రిబండి గారూ, విండోస్‌లో కూడా కష్టమేం కాదు. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో యాడ్-టైప్‌తో సిస్టమ్ డాట్ స్పీచ్ అనే మాట్లాడించే భాగాన్ని లోడ్ చేసి, స్పీచ్ సింథసైజర్ ఆబ్జెక్ట్ తయారు చేసుకుని, స్పీక్‌ని పిలవండి. మూడే లైన్లు. వేగం మైనస్ 10 నుంచి 10 దాకా, వాల్యూమ్ 0 నుంచి 100 దాకా.

స్పీక్ బదులు స్పీక్‌అసింక్ వాడితే మాత్రం, మాట పూర్తికాకముందే స్క్రిప్ట్ ముగిసి గొంతు మధ్యలో తెగిపోతుంది. "కాపీ అ..." దగ్గర ఆగితే కారణం అదే.

సెట్టింగ్స్‌లో కనిపించే గొంతులన్నీ ఇక్కడ కనిపించవు. కొత్తగా దించుకున్నవాటిని విండోస్ వన్‌కోర్ అనే వేరే చోట పెడుతుంది, సిస్టమ్ డాట్ స్పీచ్ అక్కడ వెతకదు. ఇన్‌స్టాల్ చేసినా లిస్టులో లేదేంటని టెన్షన్ పడకండి.

పెంగ్విన్‌గూడు:
లైనక్స్‌లో అయితే ఈస్పీక్ ఎన్‌జీ అనే ప్రోగ్రామ్, రాసింది చదివేస్తుంది. గొంతు యంత్రంలాగే ఉంటుంది, కానీ హైఫన్ వి టీఈ అంటే తెలుగు అక్షరాలు చదువుతుంది. మీ లైనక్స్‌లో ముందే లేకపోతే ఇన్‌స్టాల్ చేసుకోవాలి. క్రాన్‌లో (చెప్పిన టైముకి పనులు నడిపేది) పెడితే శబ్దం రాకపోవచ్చు, ఎందుకంటే క్రాన్‌కి మీ డెస్క్‌టాప్ ఆడియో సెషన్ ఎక్కడుందో తెలియదు.

చెవిచదువు:
నాకు చూపు లేదు, రోజంతా స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తోనే పని. మీ స్క్రిప్ట్ ఇంకొకరికి ఇచ్చేటట్టయితే మాటని ఆపుకునే స్విచ్ ఒకటి తప్పకుండా పెట్టండి. స్క్రీన్ రీడర్ ఒక లైను చదువుతుంటే పైనుంచి ఇంకో గొంతు పడితే నాకు రెండూ పోతాయి. ఒక సహోద్యోగి రాసిన స్క్రిప్ట్ కాపీ అయిన ప్రతి ఫైలు పేరూ చదివేది. అండర్‌స్కోర్లు, తేదీలు, చివర జేపీజీ అంతా. రెండో నిమిషానికి చెవి వినడం మానేసింది, అసలు ఎర్రర్ అందులోనే కలిసిపోయింది. ముఖ్యమైన మాట ముందు రావాలి. "ఆగింది, డిస్కు నిండింది" అంటే మొదటి మాటకే లేచి వెళ్తాను. "మీ బ్యాకప్ ప్రక్రియలో" అని మొదలైతే చివరిదాకా కూర్చోవాలి.

రాత్రిబండి:
అందరికీ థాంక్స్. పాతకీబోర్డు గారు చెప్పిన మూడు లైన్లూ పనిచేశాయి. తెలుగులో రాస్తే నా సిస్టమ్‌లోని ఇంగ్లిష్ గొంతు నోరు మెదపలేదు. తెలుగు మాటే ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే "ఎయ్‌పోయిండి" అంది. అందుకే రెండు ఇంగ్లిష్ మాటలకి దిగాను: డన్, ఫెయిల్డ్. చెవిచదువు గారు చెప్పాక ఫైలు పేర్లు తీసేసి, మాట ఆపే స్విచ్ పెట్టాను.

చెప్పిన టైముకి తనే నడిచేలా విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టినప్పుడు మళ్లీ మౌనం. లాగిన్ అయి ఉన్నా లేకపోయినా నడపమని టిక్ చేశాను. అలా అయితే అది నా సెషన్‌లో కాకుండా వెనక ఎక్కడో నడుస్తుందట, స్పీకర్‌దాకా మాట రాదు. లాగిన్ అయి ఉన్నప్పుడే అని మార్చాను. నిన్న రాత్రి పక్క గదిలోకి వినిపించింది: "ఫెయిల్డ్." వెళ్లి చూస్తే కేబుల్ వదులైంది.